కార్వాన్‌లో నా ఖాతా

మొన్నామధ్య మా మేనకోడలు వెనిస్ వెళ్ళొచ్చింది. వెళ్ళొచ్చిందంటే ఆ పిల్ల ఒప్పుకోదు. "వెళ్ళిరావడం కాదత్తా, వారం రోజులు ఉండి వచ్చాను. అచ్చం అక్కడివాళ్ళలాగే" అంటుంది. హోటల్లో దిగలేదుట. వంటిల్లున్న చిన్న వాటా అద్దెకి తీసుకుందిట. పొద్దున్నే సంచీ పట్టుకుని రియాల్టో బజారుకి వెళ్ళి కూరలు తెచ్చుకోవడం, కాఫీ కొట్లో కూర్చోకుండా నిలబడి తాగడం. కూర్చుని తాగితే ఒక ధర, నిలబడి తాగితే ఒక ధరట అక్కడ. ఊళ్ళోవాళ్ళు నిలబడే తాగుతారుట. సెయింట్ మార్క్ చర్చి ముందు పావురాలతో ఫోటో కూడా తీయించుకోలేదని గొప్పగా చెప్పింది.

విన్నంతసేపూ ముచ్చటగానే ఉంది. ఎంతైనా మన పిల్ల కదా! చివర్న ఊరికే, ఆడవాళ్ళం అడిగే మాటే అడిగాను. "పక్కింటావిడ ఎలాంటిదే?" అని.

"పక్కింట్లో కూడా మాలాంటివాళ్ళే అత్తా, కొరియా నుంచి వచ్చారు. పైవాటాలో జర్మనీ వాళ్ళు."

మరి ఆ ఊరివాళ్ళేరీ? ఆ సంగతీ తనే చెప్పింది. వెనిస్ పాత పట్టణంలో 1951లో లక్షా డెబ్భై అయిదు వేలమంది ఉండేవారుట. 2022 నాటికి యాభై వేలకి దిగిపోయారు. రియాల్టో వంతెన దగ్గర ఒక మందుల షాపు కిటికీలో, ఊళ్ళో ఇంకా ఎంతమంది మిగిలారో చూపించే అంకెల బోర్డు 2008లో పెట్టారు. జ్వరం వచ్చినవాడికి ధర్మామీటరు పెట్టినట్టుగా ఉంది కదూ! 2024లో అయితే, రాత్రి బస చెయ్యకుండా పొద్దున్నే వచ్చి సాయంత్రం పోయేవాళ్ళ దగ్గర, రద్దీ రోజుల్లో అయిదేసి యూరోల ప్రవేశ రుసుము కూడా మొదలుపెట్టారు. అదే ఏడు జులైలో బార్సెలోనాలో ఊరివాళ్ళు వీధుల్లోకి వచ్చి, హోటళ్ళ ముందు కూర్చుని తింటున్న యాత్రికుల మీద పిల్లల నీళ్ళ తుపాకులతో నీళ్ళు చల్లారు. ఇళ్ళన్నీ వారం రోజుల అద్దెలకి పోతే మేం ఎక్కడుండాలి అని వాళ్ళ ఏడుపు. వాళ్ళలా బతకాలని ముచ్చటపడి వచ్చేవాళ్ళు ఎక్కువై, వాళ్ళు బతకడానికే చోటు లేకుండా పోయింది. ఇందులో మా పిల్ల తప్పెంత అంటే, పెళ్ళిలో ఒక్కతే అదనంగా తిన్న చుట్టం తప్పెంతో అంతే. కానీ ప్రతి చుట్టమూ తను ఒక్కతేననే అనుకుంటుంది.

ఇంతలో అది బాంబు పేల్చింది. "అత్తా, నువ్వు కొత్తకాపురం కార్వాన్‌లో పెట్టావు కదా. మనకి గోల్కొండ, చార్మినారు వద్దు. ఓ రోజు కార్వాన్ వెళ్ళి అక్కడివాళ్ళలా గడుపుదాం. నువ్వు లోకల్ కదా!"

మోకాళ్ళ నొప్పి అన్నాను. ఎండ అన్నాను. శ్రావణమాసం నోములన్నాను. అసలు కారణం వేరే ఉంది. అది నెమ్మదిగా చెబుతాను.

కార్వాన్ అంటే తెలియనివాళ్ళకి ఒక్కమాట. పురానాపూల్ నుంచి గోల్కొండ కోట వైపు వెళ్ళే దారిలో ఉంటుంది. పురానాపూల్ వంతెన 1578లో కట్టారు. హైదరాబాదు ఊరు పుట్టింది 1591లో. ఊరికంటే వంతెన పెద్దదన్నమాట! కులీ కుతుబ్ షా భాగమతి కోసం నది దాటేవాడని కథ చెబుతారు. చరిత్రకారులు చాలామంది ఒప్పుకోరు గానీ, మనం ఒప్పుకుంటే వాళ్ళకేం నష్టం? ఆ కోటకీ ఈ ఊరికీ నడుమ దారిమీద వర్తకుల బిడారులు దిగే చోటు కార్వాన్. ఫారసీలో కార్వాన్ అంటే బిడారే. పాతరోజుల్లో షాహుకార్ల పేరు కలిపి కార్వాన్ సాహు అనేవారు. అంటే ఊరి పేరే బాటసారుల గుంపు! అక్కడ పాతకాపులం అని చెప్పుకునేవాళ్ళందరూ ఎప్పుడో ఒకప్పుడు మూటాముల్లే దింపుకుని కూర్చున్నవాళ్ళే. మనసొప్పి మళ్ళీ మూట కట్టనివాళ్ళు.

వజ్రాల కోసం ఎక్కడెక్కడివాళ్ళో ఈ దారినే నడిచారు. ఫ్రాన్సు నుంచి నగల వర్తకుడు టావెర్నియే పదిహేడో శతాబ్దంలో పలుమార్లు గోల్కొండ రాజ్యానికి వచ్చాడు. ఇక్కణ్ణించి పట్టుకెళ్ళిన నీలి వజ్రం పధ్నాలుగో లూయీకి అమ్మాడు. దాన్ని చెక్కగా చెక్కగా మిగిలిందే ఇవాళ వాషింగ్టన్ మ్యూజియంలో ఉన్న హోప్ వజ్రమంటారు. ఆయన తన పుస్తకంలో గనుల దగ్గర బేరాలు ఎలా జరిగేవో రాశాడు. అమ్మేవాడూ కొనేవాడూ ఎదురెదురుగా కూర్చుంటారు. నోరు మెదపరు. నడుముకి కట్టుకున్న గుడ్డ విప్పి చేతుల మీద కప్పుకుని, ఆ గుడ్డ కింద వేళ్ళతో బేరం. చెయ్యి మొత్తం పట్టుకుంటే వెయ్యి, ఒక్క వేలు పట్టుకుంటే వంద, వేలు సగానికి పట్టుకుంటే యాభై. చుట్టూ ఎందరున్నా ఎవరికీ తెలియదు. టావెర్నియేకి లెక్క తెలుసు. ఏ వేలికి ఎంతో రాసుకున్నాడు. ఆ ఇద్దరిలో ఎవరు ఎవరికి కిందటేడు సాయం చేశారో, ఎవరి కూతురి పెళ్ళికి ఎవరు అప్పు పెట్టారో, అందుకని ఇవాళ ఎన్ని వేళ్ళు తగ్గించుకున్నారో ఆయనకి తెలిసే దారుందా?

నేను తెనాలి నుంచి 1986లో కార్వాన్ వచ్చాను. మావారి ఉద్యోగం, చవక అద్దె, సబ్జీమండీకి దగ్గర్లో పాత ఇంట్లో రెండు గదుల వాటా. వచ్చిన మర్నాడే ఇంటామెని "కుళాయి ఎన్నింటికొస్తుందండీ?" అని అడిగాను. ఆవిడ నా మొహం చూసి, "కుళాయి ఎవరమ్మా?" అంది. నల్లా అనాలని ఆ రోజు తెలిసింది. అది తెల్లారగట్ల నాలుక్కి వస్తుందని మర్నాడు తెలిసింది. గోంగూర అడిగితే కూరలామె లేదంది. ఎదురుగా బుట్టెడు ఉంది! దాన్ని పుంటికూర అంటారుట. బంగాళాదుంపలు ఆలుగడ్డలు, బొబ్బట్లు భక్ష్యాలు. తెలుగుదేశంలోనే పుట్టి, తెలుగు మళ్ళీ నేర్చుకున్నాను. హిందీ పరీక్షలు పాసయ్యాననుకున్న గర్వం కూడా నెల తిరక్కుండానే అణిగింది. వద్దు అనడానికి 'నక్కో', అవును అనడానికి 'హౌ'. అన్నిటికంటే చిత్రం 'పర్సోఁ'. పుస్తకాల హిందీలో మొన్న లేకపోతే ఎల్లుండి. హైదరాబాదులో మాత్రం పర్సోఁ అంటే మొన్న కావచ్చు, పోయినేడు కావచ్చు, పదేళ్ళ కిందట కూడా కావచ్చు.

ఎదురింట్లో ఒకావిడ ఉండేది. అందరూ ఖాలా అనేవారు, నేనూ ఖాలా అనే పిలిచాను. పెద్దపీట వేసుకుని గుమ్మంలో కూర్చుని, నేను కూరలు తెచ్చుకుంటుంటే సంచీలోకి తొంగిచూసి, ఎంతకి తెచ్చావని అడిగి, మోసపోయావని తేల్చేది. రంజానుకి షీర్ ఖుర్మా పంపేటప్పుడు, మేం మాంసం తినమని తెలిసి, వాడని కొత్తగిన్నెలో పంపేది. ఆ గిన్నె నేను ఉగాదికి భక్ష్యాలు వేసి తిరిగి ఇచ్చేదాన్ని. ఖాళీ గిన్నె తిరిగి పంపకూడదని మన ఇళ్ళలో ఉంది కదా, వాళ్ళ ఇళ్ళలోనూ ఉంది. అంచేత ఆ గిన్నె ఆరేళ్ళు అటూ ఇటూ తిరుగుతూనే ఉంది. ఎవరి బాకీ ఎంతో తేలలేదు.

కార్వాన్‌లో నేను కొత్తదాన్ని కాదని నాకెప్పుడు తెలిసిందో చెప్పనా? వీధి చివర కిరాణా కొట్టు ఆసామి ఒకరోజు చిల్లర లేదని నసుగుతున్న నాతో, "రాస్తగానీ, తీస్కపోండ్రి" అన్నాడు. నా పేరడగలేదు. పొడుగాటి పుస్తకం తీసి ఏదో రాసుకున్నాడు. తరవాత తొంగిచూస్తే నా పేరుచోట 'గుంటూరామె' అని ఉంది. తెనాలి అంటే గుంటూరే కదా అనుకుని ఊరుకున్నాను. ఇంటికొచ్చి మావారితో, మనకి కార్వాన్‌లో ఖాతా పుట్టిందని చెప్పాను. ఆయన నవ్వి, అప్పు పుట్టిందని సంబరపడే మనిషిని నిన్నే చూశానన్నారు.

సంబరమే మరి. నగదు ఇచ్చేవాడు ఎవడైనా ఒకటే. అరువు ఇవ్వాలంటే మాత్రం, ఈ మనిషి రేపు కూడా ఉంటుందని నమ్మాలి.

ఇంకొకటుంది. మనకి అరువిచ్చినవాడికి మనల్ని అడిగే హక్కు కూడా వస్తుంది. కొట్టాసామి కొడుక్కి లెక్కలు చెప్పమన్నాడు, చెప్పాను. ఆషాఢంలో దర్బార్ మైసమ్మ బోనాలప్పుడు ఇంటామె కోడలికి ఒంట్లో బాగాలేక, వాళ్ళ ఇంటి పని సగం నా నెత్తిన పడింది. కాదంటానా? వెనిస్‌లో మా పిల్లని వారం రోజుల్లో ఎవరైనా ఏమైనా అడిగారా అని నాకు అనుమానం. దాన్ని అడిగాను కూడా. "దారి అడిగారత్తా, తోటి టూరిస్టులు" అంది.

1990 చివర్లో పాతనగరం అల్లర్ల సంగతి మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. డిసెంబరులో మా వీధులన్నీ కర్ఫ్యూ. మా బాబుకి తొమ్మిదో నెల. మావారు ఆఫీసుకి వెళ్ళినవారు అటే చిక్కుకుపోయి రెండ్రోజులు రాలేదు. పాలు లేవు. రాత్రి కేకలు వినబడేవి. ఎటువైపునుంచో తెలియదు, ఎవరివో తెలియదు. ఎవరి కేకలైనా భయమే. రెండోనాటి తెల్లవారుజామున వెనకవైపు గోడమీద చప్పుడైంది. ప్రాణం పోయిందనుకున్నాను. చూస్తే ఒక చెయ్యి, చేతిలో గిన్నె, గిన్నెలో పాలు. ఖాలా వీధి దాటి, వెనక సందులోంచి, ఆ వయసులో, పోలీసువాళ్ళు చూస్తే ఏమవుతుందో తెలిసీ వచ్చింది. వాళ్ళ చుట్టాలకి గేదెలుండేవి. నాలుగు రోజులు అలా వచ్చింది. గోడకి అటు ఆవిడ, ఇటు నేను. ఆ నాలుగు రోజులూ మేం మాట్లాడుకున్నది లేదు.

1992లో మేం కార్వాన్ వదిలేశాం. పిల్లాడి చదువు, ఆఫీసు దూరం, నీళ్ళు. కారణాలన్నీ నిజమే. నిజమైన కారణాలు ఇన్ని చెప్పుకోవలసి వస్తోందంటే అసలుది ఇంకొకటుందని మీకు తెలుస్తూనే ఉంటుంది. దిల్‌సుఖ్‌నగర్ వైపు కాలనీలో వాటా దొరికింది. బయల్దేరే రోజున మావారు కొట్టుకి వెళ్ళి అరవై నాలుగు రూపాయల ఖాతా కట్టేసి వచ్చి, "ఎవరికీ పైసా బాకీ లేదు" అన్నారు తృప్తిగా. నేనూ నిజమే అనుకున్నాను.

మరుసటి ఏడు మార్చిలో ఖాలా మా కొత్తింటికి వచ్చింది. వెంట కూతురు. రెండు బస్సులు మారి, అడ్రసు కాయితం పట్టుకుని, కాలనీ అంతా తిరిగి కనుక్కుంది. ఆ పిల్లకి ఇంటర్ పరీక్షల సెంటరు మా దగ్గర పడింది. పదిరోజులు నీ దగ్గర ఉంచుకుంటావా బేటా అని అడిగింది. ఆరేళ్ళలో ఆవిడ నన్ను అడిగింది అదొక్కటే.

నేనేమన్నానో చెప్పాలి. చెప్పడానికే ఇదంతా మొదలుపెట్టాను కాబోలు. ఊరినించి మా అత్తగారు వస్తున్నారని చెప్పాను. మా అత్తగారు తెనాలిలో హాయిగా ఉన్నారు. వచ్చే ఆలోచనే లేదు. కాలనీవాళ్ళు ఏమనుకుంటారో, ఇల్లుగలావిడ ఏమంటుందోనన్నది నా భయం. నిజానికి ఇల్లుగలావిడని నేను అడిగి చూడనేలేదు. అడిగితే సరే అనేదేమో కూడా. ఆ 'ఏమో' ఇప్పటికీ నన్ను వదల్లేదు.

"కుచ్ నై బేటా, కుచ్ నై" అంది ఖాలా. టీ తాగింది. పిల్లాణ్ణి ఎత్తుకుంది. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "మీ అత్తగారికి ఒంట్లో కులాసాయేనా?" అని అడిగింది.

ఆ తరవాత నేను కార్వాన్ వెళ్ళలేదు. ముప్ఫై ఏళ్ళు దాటింది.

ఊరన్నాక ఎవరు పాతవాళ్ళు, ఎవరు కొత్తవాళ్ళని తేల్చడానికి మనవాళ్ళు రకరకాల లెక్కలు వేస్తారు. ఎక్కడ పుట్టావు, ఎన్నేళ్ళున్నావు, ఏ భాష, ఏ కులం అని. అవన్నీ కాయితాల మీదకి పనికొచ్చే లెక్కలు. పెళ్ళిళ్ళలో చదివింపుల పుస్తకం ఉంటుంది చూశారూ, అది కొంచెం నయం. ఎవరు ఏమిచ్చారో రాసుకునేది తిరిగి వాళ్ళింట్లో శుభం జరిగినప్పుడు మరిచిపోకుండా ఉండటానికి. ఇచ్చిపుచ్చుకోవడం తెగనంతవరకూ మనవాళ్ళు. మరి తెగాక? ఆరేళ్ళు ఉన్న నేను, నల్లా నీళ్ళు పట్టిన నేను, ఖాలా వచ్చి అడిగిన ఆ సాయంత్రం టూరిస్టునయ్యానా? లేక మొదట్నుంచీ టూరిస్టునేనా, చవక అద్దె టూరిస్టుని? మా పిల్ల డబ్బిచ్చి వారం రోజులు కొనుక్కుంది. పాపం, ఎవరికీ ద్రోహం చెయ్యలేదు. చెయ్యాలన్నా ఎవరూ ఆ అవకాశం ఇవ్వలేదు. నాకు ఇచ్చారు. ద్రోహం చెయ్యగలిగినవాళ్ళే ఆ ఊరివాళ్ళు అని ఒక లెక్క తీస్తే నేను నిస్సందేహంగా కార్వాన్‌దాన్నే! ఈ లెక్క మావారికి చెబితే, నీ వాదనలకేంగానీ వెళ్ళి రారాదా అన్నారు.

వెళ్ళాం. పోయిన శనివారానికి ముందు శనివారం.

మా పిల్లకి ముందుగా టోలీ మసీదు చూపించాను. 1671లో మూసాఖాన్ కట్టించాడు. మక్కా మసీదు పనులు చూసేటప్పుడు, ఖర్చయిన ప్రతి రూపాయికీ ఒక దమ్డీ తనకి ముట్టేదనీ, ఆ దమ్డీలన్నీ కూడబెట్టి ఇది కట్టించాడనీ చెబుతారు. అందుకే దమ్డీ మసీదని ఇంకో పేరు. పిల్ల సున్నపు పనితనం ఫోటోలు తీసుకుంటోంది. నా కళ్ళు మా వీధి ఎటో వెతుక్కుంటున్నాయి.

మేమున్న ఇల్లు లేదు. నాలుగంతస్తులు లేచాయి. ఎదురిల్లు కూడా లేదు. కొట్టు మాత్రం ఉంది, అద్దాల అలమరాలతో. లోపల గడ్డం నెరుస్తున్న మనిషి కూర్చున్నాడు. నేను లెక్కలు చెప్పిన పిల్లాడే! నన్ను గుర్తుపట్టలేదు. 'గుంటూరామె'ని అన్నాను. లేచి నిలబడ్డాడు. బాపు పోయి చాలా ఏళ్ళయిందన్నాడు, ఆ పుస్తకాలన్నీ ఎలకలు కొట్టేశాయన్నాడు, కుర్చీ వేయించాడు, వద్దంటున్నా టీ తెప్పించాడు.

ఖాలా గురించి అడగడానికి అరగంట పట్టింది.

"ఇల్లమ్ముకొని టోలిచౌకి దిక్కు పోయిన్రమ్మా. బిడ్డ టీచరైంది. ఖాలా పర్సోఁ వచ్చిపోయింది మన దుక్నానికి."

"పర్సోఁ అంటే?" గుండె గబగబా కొట్టుకుంది.

తల గోక్కున్నాడు. "గదే... కరోనా ముంగట గావచ్చు."

ఉందో లేదో అడగడానికి నాకు నోరు రాలేదు. అతనికి తెలిసినట్టూ లేదు. కూతురి ఫోను నంబరు ఉందని చెప్పి, వెతికి, చీటీ మీద రాసిచ్చాడు.

పల్లీలూ బెల్లమూ కట్టించుకున్నాను. ఇంటికెళ్ళాక చేసుకునేందుకేం కాదు, ఊరికే. నూట ఎనభై అయింది. నేను పర్సులో చెయ్యి పెట్టి, తీసీ తియ్యకుండా నసుగుతున్నాను. అతను గమనించాడు. "పోనీ మళ్లొచ్చినప్పుడు ఇయ్యున్రి, రాసుకుంట" అనబోయాడు. అనేశాడు కూడా. కానీ అప్పటికే మా పిల్ల బల్లమీద అట్టకి ఫోను చూపించి డబ్బు కట్టేసింది. ఎవరో ఆడమనిషి గొంతు పెట్టెలోంచి నూట ఎనభై రూపాయలు ముట్టాయని చెప్పింది.

"ఏంటత్తా, అలా చూస్తావు?" అంది ఆటోలో.

ఏమీ లేదన్నాను.

చీటీ కళ్ళద్దాల డబ్బాలో ఉంది. అద్దాలు పెట్టుకున్నప్పుడల్లా కనిపిస్తుంది. రెండుసార్లు అంకెలన్నీ నొక్కాను. ఎత్తితే, ముందు ఎవరినని చెప్పుకోవాలో తేలక పెట్టేశాను. పేరు చెబితే ఆ అమ్మాయికి తెలియకపోవచ్చు. గుంటూరామె అంటే తెలుస్తుంది. అత్తగారు వస్తున్నారన్న ఆవిడ అంటే ఇంకా బాగా తెలుస్తుంది.